మరికాసేపట్లో వస్తుంది

పెద్దమ్మ పడిపోయిందన్న కబురు వచ్చేసరికి ఆమె మైకు ముందు కూర్చుని ఊరందరికీ చెత్తబండి వేళలు చెబుతోంది. "తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా..." అంటుండగా అద్దం అవతల నుంచి రికార్డింగు అన్న చెయ్యెత్తి ఆపాడు. అతను ఎప్పుడూ మధ్యలో ఆపడు. మాట తడబడినా వాక్యం పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాతే మళ్ళీ చదవమంటాడు. ఇప్పుడు హెడ్‌ఫోను మెడలోకి లాక్కుని, బయట బల్ల మీద వదిలిన ఆమె ఫోను తెచ్చి అద్దానికి ఆనించాడు. సబ్బుల ఫ్యాక్టరీ వీధిలోని మందుల షాపతను పంపిన మెసేజీ. 'మీ పెద్దమ్మగారు పడిపోయారు, మా షాపులో ఉన్నారు. కంగారు పడకండి, కానీ వెంటనే రండి.'

కంగారు పడవద్దన్నాక పడకుండా ఉండేది ఎవరు? చెత్త సంగతి చెత్తకే వదిలేసి పరుగెత్తింది.

ఆ ఊళ్ళో ఆమె ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలియనివారు లేరు. బస్సుల్లో తర్వాతి స్టాపు చెప్పేది, స్టాపుల్లో ఏ బస్సు వస్తోందో చెప్పేది, నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారో, ఏ పార్కు ఏ గంటకు మూస్తారో చెప్పేది ఆ గొంతే. ఆమె పనిచేసే నగర కార్యాలయంలో అందరూ 'అనౌన్సరమ్మ' అంటారు. బస్సులో పక్కావిడను కాస్త జరగమని అడిగితే ఆవిడ తలెత్తి స్పీకరు వంక చూస్తుంది.

పెద్దమ్మ మందుల షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టుకు ఐసు మూట కట్టారు. కుడి చెయ్యి ఎప్పటిలాగే ఒళ్ళో పడి ఉంది, అది తనది కానట్టు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి అంతే. జీవితమంతా కత్తెర పట్టి బట్టలు కుట్టి, తల్లి లేని ఈ పిల్లను పెంచిన చెయ్యి.

"ఏం జరిగింది పెద్దమ్మా?"

"ఏం లేదే. బస్సు రాలేదు. నిలబడి నిలబడి కళ్ళు తిరిగాయి. ఈ బాబు లేవదీశాడు."

"అంతసేపు ఎందుకు నిలబడ్డావు? రాకపోతే ఇంటికి వెళ్ళిపోవాలి కదా!"

పెద్దమ్మ జవాబు చెప్పబోయేలోపే రోడ్డు అవతల స్టాపులోని స్పీకరు గొంతు సవరించుకుంది. "ప్రయాణికులకు గమనిక. తొమ్మిదో నంబరు బస్సు మరికాసేపట్లో వస్తుంది."

"ఇదిగో, మళ్ళీ అంటున్నావు," అంది పెద్దమ్మ. "పొద్దున్నించీ వస్తుంది వస్తుంది అంటూనే ఉన్నావు. నువ్వంతలా చెబుతుంటే మధ్యలో వెళ్ళిపోతే ఏం బాగుంటుంది?"

నిష్ఠూరంగా అన్న మాట కాదది. ఎవరింటికో పిలిస్తే వెళ్ళి, వంట ఆలస్యమైందని లేచి రాలేకపోయినట్టు అంది. అందుకే అది సూటిగా వెళ్ళి తగిలింది.

షాపతను చీటీలు సర్దుకుంటూ, "ఆ బస్సు ఇక ఈ వీధికి రాదుటండీ. డ్రైవరే చెప్పాడు. కొత్త ఫ్లైఓవరు మీంచి వెళుతుందట. మీకు తెలియదా? మీరు ఆఫీసులోనే కదా!" అన్నాడు.

ఆమెకు తెలియదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజంగానే తెలియదు. ఆమె చదివేదంతా ముక్కలు. స్టాపుల పేర్లు ఒకరోజు, నంబర్లు ఒకరోజు, 'వస్తుంది', 'ఆగుతుంది', 'ఆలస్యంగా నడుస్తోంది' ఇంకోరోజు. ఏ ముక్కను ఏ ముక్కకు అతికించి ఏ బస్సులో వేస్తారో ఆమెకు ఎవరూ చెప్పరు. కొత్త ఫ్లైఓవరు పేరు పోయిన వారం చదివింది. అది పెద్దమ్మ స్టాపును మింగేస్తుందని అనుకోలేదు.

పెద్దమ్మ వెళ్ళాల్సింది నగర పాలక సంస్థ నడిపే ఫిజియోథెరపీ కేంద్రానికి. కారెక్కాలంటే వంగాలి, ఆవిడ నడుము వంగదు. తొమ్మిదో నంబరు బస్సు మాత్రం తలుపు దగ్గర తానే నేలకు వంగుతుంది. ఆ కేంద్రంలో చేతులు సాగదీయించే అమ్మాయి మొన్ననే చెప్పింది, "ఇప్పుడు లేచిన వేలే లేస్తుంది అమ్మమ్మా. ఈ నెల పోతే మళ్ళీ రాదు. వరసగా మానేస్తే మీ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు, అది నా చేతుల్లో ఉండదు," అని.

*

రవాణా అధికారిని ఆఫీసంతా 'అప్‌డేట్ సారు' అంటుంది. ఎవరు ఏమడిగినా "దాని మీద ఒక అప్‌డేట్ ఇద్దాం" అనడం ఆయన అలవాటు. రెండో అంతస్తులో లిఫ్టు పక్క గది ఆయనది. తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. చలువ బయటికి పోకూడదు కదా!

గదిలో ఆయన కొత్త బస్సు బొమ్మ అట్టను గోడకు ఆనించి, అటు నుంచోసారి, ఇటు నుంచోసారి చూసుకుంటున్నాడు. బస్సు లేత నీలం. తొమ్మిదో నంబరు పాత బస్సులన్నీ రంగు మార్చుకోవడానికే షెడ్డుకు పోయాయని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"సబ్బుల ఫ్యాక్టరీ వీధికి బస్సు రాదని జనానికి ఎందుకు చెప్పలేదు సార్? నాకు ఇస్తే చదివేదాన్ని."

"చెబుదాం, చెబుదాం. గురువారం ప్రారంభం. మేయరుగారు వస్తున్నారు, పేపరువాళ్ళు వస్తున్నారు. శుభమా అని కొత్త బస్సు బయల్దేరుతుంటే ముందుగా ఈ చావు కబురేమిటమ్మా? అదయ్యాక నెమ్మదిగా ఒక అప్‌డేట్ ఇద్దాం."

"మరి స్టాపులో స్పీకరు ఇంకా వస్తుందనే చెబుతోంది."

"అది గడియారాన్ని బట్టి చెబుతుంది, బస్సును బట్టి కాదు. నాలుగు రోజుల ముచ్చటకి దాన్ని విప్పి మార్చడం ఎందుకు?"

"దాన్ని నమ్మి మా పెద్దమ్మ ఎండలో నిలబడి పడిపోయింది సార్."

ఆయన అట్ట మీంచి చూపు తిప్పాడు. నిజంగానే జాలిపడ్డాడు, అదే ఒళ్ళు మండించింది. "అయ్యయ్యో. పెద్దవాళ్ళని అలా ఒంటరిగా పంపకూడదమ్మా. మీరే జాగ్రత్త పడాలి."

ఆమె నోరు తెరవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "చూడండి, మీది గొంతు. మంచి గొంతు. గొంతుకి అభిప్రాయాలుండవు. ఇచ్చింది చదవాలి. తలుపు కాస్త దగ్గరగా వేసి వెళ్ళండి."

ఆమె తలుపు దగ్గరగానే వేసింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మకు అన్నం కలిపి పెట్టింది. మంచి చెయ్యి కూడా కట్టులోకి పోయాక ఇక వేరే దారి లేదు. పెద్దమ్మ ముద్ద ముద్దకూ సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకుంది. "చిన్నప్పుడు నీకు పెడితే ఉమ్మేసేదానివి. నేనూ ఉమ్మనా?" అని నవ్వించబోయింది. ఆమెకు నవ్వు రాలేదు. గ్లాసు పెదవులకు ఆనించి పట్టుకుంటే నీళ్ళు గడ్డం మీంచి కారి జాకెట్టు మీద పడ్డాయి. తుడుస్తూ ఆమె మనసులో ఒకటే మాట పదేపదే అనుకుంది. నా గొంతుతో మా పెద్దమ్మను పడేశాడు. ఆ గొంతుతోనే వాణ్ణి పడేస్తాను.

*

ప్రారంభం రోజు బస్సులో వినిపించాల్సిన మాటలు బుధవారం కిందికి వచ్చాయి. స్టూడియో ఆఫీసుకు అడుగున, పాత కుర్చీలు పడేసే గది పక్కన ఉంది. ఫ్యాను తిరిగితే మైకులో వినిపిస్తుందని ఆపేస్తారు. ఆమె చీరకొంగుతో మెడ తుడుచుకుని, ఒక గుక్క గోరువెచ్చని నీళ్ళు తాగి, కాగితం చప్పుడు కాకుండా స్టాండుకు క్లిప్పు పెట్టింది.

మొదటి పేరాలో మేయరుగారికి స్వాగతం. రెండో వాక్యంలో రవాణా అధికారి గారి అకుంఠిత దీక్ష. ఆ తర్వాత స్టాపుల పేర్లు. అంతా తేనె పూసినట్టు చదివింది. 'అకుంఠిత' దగ్గర ఒకసారి తడబడి, మళ్ళీ చదివింది. అక్కడ తప్పు ఉండకూడదు, ఎందుకంటే అప్‌డేట్ సారు వినేది అంతవరకే. ప్రతి రికార్డింగునూ ఆయనకు వినిపించి ఊఁ అనిపించుకోవాలి. ఆయన ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించుకుని, తన ప్రస్తావన వచ్చేదాకా విని, తల ఊపి తిరిగి ఇచ్చేస్తాడు. ఎన్నేళ్ళుగానో అదే పద్ధతి.

చదవడం అయిపోయింది. ఆమె లేవలేదు.

"అన్నా, ఇంకొక్క ముక్క ఉంది. కాగితంలో లేదు."

రికార్డింగు అన్న అద్దంలోంచి ఆమెను కాసేపు చూశాడు. తొమ్మిదో నంబరు సంగతి అతనికి తెలుసు. అతని తమ్ముడి కాపురం ఆ వీధిలోనే. మెల్లగా హెడ్‌ఫోను తీసి బల్ల మీద బోర్లించాడు.

"టీ తాగొస్తానమ్మాయ్. రికార్డింగు ఎర్ర దీపం ఆర్పానో లేదో గుర్తులేదు. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నా."

దీపం వెలుగుతూనే ఉంది. ఆమె మైకును కాస్త దగ్గరకు లాక్కుంది. కోపంగా చెబుదామనుకుంది గానీ కోపం పనికిరాదని తోచింది. రోజూ చెప్పే గొంతుతోనే, అదే మర్యాదతో, నీళ్ళు రావని చెప్పినట్టే చెప్పింది.

*

గురువారం లేత నీలం బస్సులో పెయింటు వాసన ఇంకా పోలేదు. మొదటి సీట్లో మేయరుగారు, వెనక ఫొటోలవాళ్ళు, మధ్యలో అటూ ఇటూ తిరుగుతూ అప్‌డేట్ సారు. ఆమెను పిలవలేదు. ఆఫీసు గుర్తింపు కార్డు చూపించి ఎక్కి, చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. పడిపోయే మనిషి ముఖాన్ని కళ్ళారా చూడాలని వచ్చింది.

స్వాగతం వినిపించింది. మేయరుగారు చిరునవ్వు నవ్వారు. అకుంఠిత దీక్ష వినిపించింది. అప్‌డేట్ సారు చేతులు కట్టుకుని, ఇదెవరు రాశారో నాకేం తెలుసు అన్నట్టు నేల చూపులు చూశాడు. బస్సు ఫ్లైఓవరు మొదట్లోకి వచ్చింది. అప్పుడు ఆమె గొంతు మళ్ళీ మొదలైంది.

"ప్రయాణికులకు గమనిక. ఈ బస్సు ఇంతవరకు ఎడమవైపు సబ్బుల ఫ్యాక్టరీ వీధిలోకి వెళ్ళేది. ఇప్పుడు వెళ్ళదు. వెళ్ళదని ఆ వీధివారికి ఎవరూ చెప్పలేదు. స్టాపులో స్పీకరు మాత్రం వస్తుందనే చెబుతోంది. సోమవారం ఒక పెద్దావిడ అది నమ్మి, ఎండలో నిలబడి పడిపోయారు. ప్రారంభోత్సవం అయ్యేవరకు ఈ సంగతి చెప్పవద్దన్నది రవాణా అధికారి గారు. దయచేసి పైనున్న పట్టీలు పట్టుకోండి. ముందు మలుపు ఉంది."

డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు. మేయరుగారు మెడ తిప్పారు. ఫొటోలవాళ్ళ కెమెరాలన్నీ ఒకేసారి అప్‌డేట్ సారు వైపు తిరిగాయి. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె గుండె నిండిపోయింది. ఇంకా, ఇంకా అనుకుంది.

ఒక్క క్షణమే. ఆయన మేయరుగారి వైపు తిరిగాడు.

"విన్నారు కదా మేడమ్," అన్నాడు. చేతులు కూడా జోడించాడు. "ఇది నేనే పెట్టించాను. మా శాఖలో తప్పు జరిగింది. దాచుకోవడం నాకు చేతకాదు. మీ ముందు, ప్రజల ముందు ఒప్పుకోవాలనే ఇలా వినిపించాను. ఈ రోజు నుంచి ఈ బస్సు సబ్బుల ఫ్యాక్టరీ వీధిలోంచే వెళుతుంది. ఇది నా సొంత హామీ. బస్సు రాకపోతే ఎవరైనా నేరుగా నన్ను అడగొచ్చు. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

మేయరుగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. "ఇలాంటి అధికారులు కావాలయ్యా!" అన్నారావిడ. డ్రైవరు స్టీరింగు ఎడమకు తిప్పాడు.

దొంగను పట్టుకుంటే వాడు తాళం చెవి తెచ్చానని దండ వేయించుకున్నాడు. అంతకంటే ఘోరం వీధిలో ఎదురైంది. మందుల షాపు ముందు స్టూలు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. రావద్దని పొద్దున ఎంత చెప్పి వచ్చింది!

అప్‌డేట్ సారు ఒక్క ఉదుటున దిగాడు. బస్సు తలుపు దగ్గర నేలకు వంగింది. ఆయన పెద్దమ్మ భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు, మెల్లగా, మొహం కెమెరా వైపు పెట్టి.

"చల్లగా ఉండు బాబూ," అంది పెద్దమ్మ. "నీలాంటి పెద్దమనిషి ఉండబట్టే..."

మిగతాది ఆమె వినలేదు, వినదలచుకోలేదు. పెద్దమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక సీటు దాకా వచ్చి పక్కన కూలబడ్డాక, "ఎందుకొచ్చావు? బస్సు రాదని చెప్పాను కదా!" అని పళ్ళ బిగువున అడిగింది.

"ఇంట్లో నువ్వే రాదన్నావు, వీధిలో నువ్వే వస్తుందన్నావు. నేనెవర్ని నమ్మాలే?" అంది పెద్దమ్మ. "అయినా వచ్చిందిగా!"

దిగేటప్పుడు అప్‌డేట్ సారు చివరి సీటు దగ్గర ఆగాడు. నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం తగ్గించాడు. "ఇప్పుడు నిన్ను తీసేస్తే నేనే ఇరుక్కుంటాను. అదృష్టవంతురాలివి. సోమవారం అప్‌డేట్‌లో నా హామీ సంగతి రావాలి. అన్ని బస్సుల్లో, అన్ని స్టాపుల్లో. ఈసారి చివరిదాకా వింటాను, ప్రతి అక్షరం."

"అలాగే సార్," అందామె.

*

రెండు రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పెద్దమ్మ బస్సులో వెళ్ళి వస్తోంది, రబ్బరు బంతి నొక్కుతోంది, కుర్చీ పోలేదు. కావలసింది అదే కదా అని తనకు తాను చెప్పుకుంది. మనసు వినలేదు. పేపర్లో ఫొటో వచ్చింది. పెద్దమ్మ దాన్ని కత్తిరించి అలమారుకు అంటించమంది. కత్తెర పట్టలేని చేతుల కోసం ఆమె ఆ దుర్మార్గుడి మొహం చుట్టూ తన చేత్తో కత్తిరించాల్సి వచ్చింది. కత్తిరిస్తూ కత్తిరిస్తూ, కింద రాసింది చదివింది. ఆయన బస్సులో అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అచ్చేశారు. రెండోసారి చదివింది. కత్తెర కింద పెట్టి, ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

సోమవారం ఆమె చదివింది ఇంతే. "ప్రయాణికులకు గమనిక. బస్సు రాకపోతే ఎవరైనా నేరుగా రవాణా అధికారి గారిని అడగవచ్చు. ఇది ఆయన సొంత హామీ. నగర కార్యాలయం, రెండో అంతస్తు, లిఫ్టు పక్క గది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

అప్‌డేట్ సారు అన్నట్టే కిందికి వచ్చాడు. రెండు చెవులకూ హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ వేయించుకుని విన్నాడు. ఎక్కడో ముల్లు ఉండి తీరాలని ఆయనకు తెలుసు. వెతికాడు, దొరకలేదు. గది ఎక్కడుందో చెప్పింది తప్ప ప్రతి మాటా మేయరుగారి ఎదుట తానన్నదే. కాదంటే ఏ మాట కాదనాలి?

"గది గుర్తులు అవసరమా?" అన్నాడు చివరికి.

"జనం వెతుక్కుని ఇబ్బంది పడకూడదని సార్. తీసెయ్యమంటారా? మేయరుగారి ఆఫీసు వాళ్ళు కూడా ఒక కాపీ అడిగారు, ఏది పంపమంటారో చెప్పండి."

రికార్డింగు అన్న పెన్ను మూత తీసి అందించాడు. అప్‌డేట్ సారు సంతకం పెట్టాడు.

మొదటిరోజు ఒకాయన వచ్చాడు, బస్సు స్టాపు దాటి ఆగుతోందని. మర్నాడు చంటిపిల్లలతో ఇద్దరు తల్లులు. ఆ తర్వాత ఇక లెక్క లేదు. బస్సు రానివాళ్ళు వచ్చారు, బస్సు వచ్చినా సీటు దొరకనివాళ్ళు వచ్చారు, వీధి దీపం వెలగనివాళ్ళు కూడా, తలుపు తెరిచి ఉంది కదా అని వచ్చారు. తలుపు వేయబోతే "ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నారుగా!" అనేవారు. గదిలో చలువ నిలవడం లేదు. ఊళ్ళో ఏ బస్సెక్కినా ఆమె గొంతు జనాన్ని తియ్యగా ఆ గదికే పంపుతోంది. ఆపమని ఆయన ఎవరికి చెప్పగలడు? మేయరుగారు దీన్ని మిగతా శాఖలకు కూడా ఆదర్శంగా చూపిస్తున్నారు.

శుక్రవారం ఆమెను పైకి రమ్మన్నాడు. ఆయన కాలర్ చెమటకు తడిసి ముద్దయింది. కుర్చీల్లో జనం, గోడల పొడుగునా జనం. ఆయన గుమ్మంలోకి వచ్చి గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, ఆ ముక్క తీసేయండి. దణ్ణం పెడతా. మీరే ఏదో ఒకటి ఆలోచించండి."

"నేనా?" అందామె. "గొంతుకి అభిప్రాయాలుండవు కదా సార్."

ఆయన మొహం చూడటానికి బస్సులో చివరి సీటు దాకా వెళ్ళింది ఆ రోజు. ఇప్పుడు జానెడు దూరంలో ఉంది. కరువుతీరా చూసుకుంది.

అంతలో లోపలి నుంచి తెలిసిన గొంతు వినిపించింది. బల్లకు ఇటువైపు, అందరికంటే ముందు కుర్చీలో, పెద్దమ్మ.

"బాబూ, అక్కడ గుసగుసలేంటి? ఇలా రా. నా వంతు వచ్చింది."

అప్‌డేట్ సారు బడిపిల్లవాడిలా వెళ్ళి కూర్చున్నాడు.

"ఇవాళ బస్సు ఆలస్యమైంది. నా కుర్చీ ఇంకొకావిడకి ఇవ్వబోయారు, తెలుసా? ఆ రోజు నన్ను భుజం పట్టుకుని ఎక్కించావు, పెద్దమనిషివనుకున్నా. చల్లగా ఉండమన్నా. ఫొటో కూడా అంటించుకున్నా. మాటంటే మాటలా ఉండాలి. నీకు అమ్మ లేదూ? ఆవిడ ఎండలో నిలబడితే ఊరుకుంటావా? ఏం, మాట్లాడవే?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. పెద్దమ్మ గొంతు పెంచింది. ఒళ్ళోంచి కుడి చెయ్యి బల్ల అంచు మీదికి పాకింది. అందులోంచి చూపుడు వేలు వణుకుతూ లేచి, తిన్నగా ఆయన ముక్కు వైపు నిలబడింది.

పెద్దమ్మ దాన్ని చూసుకోలేదు. తిట్లలో మునిగి ఉంది. గుమ్మంలో ఆమెకు కళ్ళు మసకబారాయి. పిలిచి చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ వేలు మళ్ళీ ఎక్కడ దిగిపోతుందోనని, తిట్టడం పూర్తయ్యేదాకా ఆగింది.